పోగు నుంచి బట్ట దాకా: వరంగల్ ప్రాంతంలో సహజ, కృత్రిమ పోగులు

బట్టగా మారే ప్రతి పదార్థానికీ మొదటి రూపం పోగు. వెంట్రుకలా సన్నగా, తన మందం కన్నా వందల రెట్లు పొడవుగా ఉండి, వంచితే వంగుతూ, పురి పెడితే పక్కపోగును గట్టిగా పట్టుకునే పదార్థాన్ని వస్త్రశాస్త్రం పోగు అంటుంది. పోగులను వడికితే నూలు, నూలును పడుగు పేకలుగా అల్లితే బట్ట. ఆ పోగు మొక్క నుంచో, జంతువు నుంచో, పురుగు నుంచో వస్తే సహజమైనది; కర్మాగారంలో తయారైతే కృత్రిమమైనది. బట్ట ఎంత చల్లగా ఉంటుంది, ఎన్నేళ్లు మన్నుతుంది, రంగు ఎలా పడుతుంది, ఎంత ధర పలుకుతుంది అనేవి చాలావరకు పోగులోనే తేలిపోతాయి.

ఈ పోగులలో ముఖ్యమైన రకాలన్నీ ఒకే ప్రాంతంలో కనిపించడం అరుదు. ఉమ్మడి వరంగల్ జిల్లా, దాన్ని ఆనుకుని ఉన్న గోదావరి తీరం అలాంటి ప్రాంతం. ఇక్కడి నల్లరేగడిలో పత్తి పండుతుంది. మహదేవ్‌పూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగు గూడు కడుతుంది. కురుమలు నల్లగొర్రె ఉన్నితో గొంగడి నేశారు. కమలాపురంలో రేయాన్‌కు కావలసిన కలపగుజ్జు తయారైంది. నేడు గీసుకొండ దగ్గర వాడి పారేసిన నీళ్లసీసాల నుంచి పాలిస్టర్ పోగు తీస్తున్నారు. పోగు పుట్టిన చోటే బట్ట కూడా తయారైన కాలంలో ఈ ప్రాంతం కళకళలాడింది. పోగు ముడిసరుకుగా వెళ్లిపోయిన కాలంలో దాని వెనకే మనుషులూ వలస వెళ్లారు. వరంగల్ వస్త్ర చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి.

వర్గీకరణ

పోగులను మూడు పెద్ద తరగతులుగా విభజిస్తారు. మొదటిది సహజ పోగులు. వీటిలో మొక్కల నుంచి వచ్చేవి సెల్యులోజ్‌తో, జంతువుల నుంచి వచ్చేవి మాంసకృత్తులతో నిర్మితమై ఉంటాయి. పత్తి, జనపనార, గోగునార, కొబ్బరిపీచు మొదటి రకం. ఉన్ని, పట్టు రెండో రకం.

రెండో తరగతి పునరుత్పాదిత పోగులు. చెట్లలో సహజంగా ఉన్న సెల్యులోజ్‌ను రసాయనాలతో కరిగించి, మళ్లీ పోగుగా సాగదీస్తే వచ్చేవి ఇవి. విస్కోస్ రేయాన్ వీటిలో పేరున్నది. ముడిపదార్థం ప్రకృతిది, రూపం కర్మాగారానిది.

మూడో తరగతి సంశ్లేషిత పోగులు. పెట్రోలియం నుంచి తీసిన చిన్న అణువులను గొలుసుల్లా కలిపి పాలిమర్‌గా మార్చి, దాన్ని సన్నని రంధ్రాల గుండా ఒత్తి తీస్తారు. నైలాన్, పాలిస్టర్, యాక్రిలిక్, స్పాండెక్స్ ఈ తరగతిలోవి. మామూలు వాడుకలో రెండో, మూడో తరగతులను కలిపి కృత్రిమ పోగులు అంటారు.

పొడవును బట్టి మరో విభజన ఉంది. పత్తి, ఉన్ని వంటివి పొట్టి పోగులు. వాటిని వడికితేనే నూలవుతుంది. పట్టు మాత్రం ఒక్కో గూటి నుంచి వందల మీటర్ల పొడవున ఎడతెగని పోగుగా వస్తుంది. సంశ్లేషిత పోగును ఎంత పొడవైనా తీయవచ్చు, కావాలంటే పత్తి పింజ పొడవుకు ముక్కలుగా కత్తిరించి పత్తితో కలిపి వడకవచ్చు.

చారిత్రక నేపథ్యం

కాకతీయుల కాలంలో ఓరుగల్లు రాజ్యానికి బట్ట ఒక ముఖ్య సంపద. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వ్యాపారులకు రక్షణ ప్రకటిస్తూ, సరుకుల మీద వసూలు చేసే సుంకాలను నిర్ణయించింది. ఆ సరుకుల్లో పట్టునూలు కూడా ఉంది. ఆ శతాబ్ది చివరలో ఈ తీరాన్ని గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఇక్కడి నూలుబట్టలు సాలెగూడంత సన్ననివని, వాటిని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరని మెచ్చుకున్నాడు. వరంగల్‌కు దగ్గరలోని పాలకుర్తికి చెందినవాడిగా చెప్పే పాలకురికి సోమనాథుడు తన ద్విపద కావ్యంలో ఎన్నో రకాల వస్త్రాల పేర్లను వరసగా పేర్కొన్నాడు. ఒక కవికి అన్ని పేర్లు నోటికి వచ్చాయంటే, ఆ బట్టలు అంగట్లో కనిపించి ఉండాలి, వాటి తేడాలు జనానికి తెలిసి ఉండాలి.

తర్వాతి శతాబ్దాల్లో వరంగల్ తివాచీలకు పేరొచ్చింది. మొగలు సైన్యాల వెంట దక్కనుకు వచ్చిన నేతగాళ్లు ఇక్కడ స్థిరపడి ఈ పని నేర్పారని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు కూడా ఉన్నాయి. ఉన్నితో, పట్టుతో ముడులు వేసే ఆ తివాచీ పని క్రమంగా తగ్గిపోయి, నూలు జంపఖానా దాని స్థానం ఆక్రమించింది. ఖరీదైన పోగు స్థానంలో పొలంలో దొరికే పోగు వచ్చిందన్నమాట.

పత్తి

పత్తిపోగు నిజానికి గింజ మీద మొలిచే వెంట్రుక. ఒక్కో పోగు ఒకే ఒక్క కణం. కాయ పగలకముందు గుండ్రటి గొట్టంలా ఉండే ఆ కణం, కాయ పగిలి ఎండ తగలగానే అణగి, మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల వల్లే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని పురి నిలుస్తుంది. దూదిలో తొంభై శాతానికి పైగా సెల్యులోజ్ ఉంటుంది. తడిస్తే దీని బలం పెరుగుతుంది. చాకిరేవు బండ మీద ఎంత బాదినా నూలుబట్ట తట్టుకోవడానికి కారణం ఇదే.

పోగు విలువను తేల్చేది పింజ పొడవు. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేటప్పుడు 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్ల పింజను మధ్యరకంగా, 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లదాన్ని పొడవు రకంగా లెక్కిస్తుంది. 2025–26కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర నిర్ణయమైంది. పింజ తర్వాత చూసేది తేమ. ఎనిమిది శాతం దాటితే ధర తగ్గుతుంది, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ కొనదు. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డులో పత్తి బస్తా ముందు నిలబడ్డ రైతుకు ఈ రెండు అంకెలు బాగా తెలుసు. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఈ యార్డుకు పత్తి ప్రధానమైన రాబడి.

క్వింటాలు పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే సుమారు మూడోవంతు, అంటే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. మిగిలింది గింజ, దాని నుంచి నూనె, పశువులకు చెక్క వస్తాయి. 170 కిలోల దూదిని బిగించి ఒక బేలు కడతారు. అంటే దాదాపు ఐదు క్వింటాళ్ల పత్తి ఒక బేలుకు సరిపోతుంది. ఆ ఒక్క బేలు నుంచి కొన్ని వందల చొక్కాలు కుట్టవచ్చు. రైతుకు దక్కేది ఐదు క్వింటాళ్ల ధర. వడకడం, నేయడం, అద్దడం, కుట్టడం అనే నాలుగు మెట్ల మీద పుట్టే విలువ, ఆ పనులు ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరికి చేరుతుంది.

ఒకప్పుడు ఈ నేల మీద దేశవాళీ పత్తులు పండేవి. పింజ పొట్టిదైనా అవి వాన తక్కువైనా ఓర్చుకునేవి, పురుగును తట్టుకునేవి. పొడవు పింజ కోరే మిల్లులకు అనువైన అమెరికా జాతి పత్తి, ఆ తర్వాత సంకర రకాలు వచ్చాక పెట్టుబడి పెరిగింది. 1997–98 పంటకాలంలో లద్దెపురుగు, శనగపచ్చ పురుగు ఉద్ధృతంగా సోకి వరంగల్ జిల్లాలో పత్తి చేలు తుడిచిపెట్టుకుపోయాయి. పురుగుమందుకు చేసిన అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. దేశమంతా వరంగల్ వైపు చూసిన విషాదం అది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగు బెడద కొంతకాలం తగ్గింది; తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకునే శక్తి తెచ్చుకుంది. నేడు గుజరాత్, మహారాష్ట్రలతో పాటు పత్తి ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇక్కడి పత్తి అధికభాగం వర్షాధారమే.

దేశవాళీ పత్తి సత్తాకు శ్రీకాకుళం జిల్లా పొందూరు నిదర్శనం. అక్కడి స్త్రీలు కొండపత్తి దూదిని వాలుగ చేప దవడతో ఏకి, చేతిరాట్నం మీద వందో నంబరు దాకా సన్నని నూలు వడుకుతారు. పొట్టి పింజ పనికిరాదనే మాట మిల్లు యంత్రానికి సంబంధించినదే. వడికే చేతికి అది వర్తించదు.

పట్టు, దసలి

మల్బరీ ఆకు తినే పట్టుపురుగు నోటి నుంచి రెండు సన్నని ధారలు వస్తాయి. ఫైబ్రాయిన్ అనే ఆ పోగులను సెరిసిన్ అనే జిగురు కలిపి ఉంచుతుంది. గూటిని వేడినీటిలో వేసి జిగురు వదిలించి దారం తీస్తారు. కృత్రిమ పోగును సన్నని రంధ్రాల గుండా ఒత్తి తీయాలన్న ఆలోచనకు ఈ పురుగే గురువు.

గోదావరి తీరంలోని మహదేవ్‌పూర్, చెన్నూరు అడవులది వేరే పట్టు. నల్లమద్ది, తెల్లమద్ది ఆకుల మీద బతికే దసలి పురుగును ఇంట్లో తట్టల్లో పెంచరు. చెట్ల మీదే వదిలి, పక్షులు, చీమలు, కందిరీగల నుంచి కాపాడుతూ రోజుల తరబడి అడవిలోనే కాపలా కాస్తారు. పట్టుకాయలు గట్టిగా, గోధుమవన్నెలో ఉంటాయి. వాటి దారం మల్బరీ పట్టంత నున్నగా ఉండదు, మెరుపు తగ్గి ఉంటుంది. రంగు వేయకపోయినా తేనెవన్నె ఛాయతో నిండుగా కనిపిస్తుంది. ఈ పోగు బతకాలంటే మద్దిచెట్టు బతకాలి. అడవిని కాపాడుకోవడంలో లాభం ఉందని ఊరికి చూపించే పంట దసలి.

ఉన్ని, గొంగడి

ఉన్నిపోగు కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడుతుంది. దాని పైపొర మీద చేప పొలుసుల్లాంటి పొరలు, పోగులో సహజమైన ఉంగరాలు ఉంటాయి. ఆ ఉంగరాల మధ్య గాలి నిలిచి వెచ్చదనం ఇస్తుంది. దక్కనీ నల్లగొర్రె ఉన్ని ముతకది, మెత్తని శాలువాలకు పనికిరాదు. గొంగడికి మాత్రం అలాంటి ఉన్నే కావాలి. కురుమ స్త్రీలు వడికిన దారాన్ని గుంట మగ్గం మీద నేసేముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గట్టిపడిన గొంగడి వానకు గొడుగుగా, రాత్రికి పరుపుగా, ఎండకు నీడగా, ధాన్యం ఆరబోసేందుకు పట్టాగా పనికొచ్చేది.

మాంసం కోసం ఉన్ని తక్కువగా ఉండే నెల్లూరు జాతి గొర్రెల పెంపకం పెరిగాక నల్లగొర్రె మందలు తగ్గిపోయాయి. చవకగా దొరికే మిల్లు దుప్పట్లు, యాక్రిలిక్ రగ్గులు గొంగడి స్థానంలోకి వచ్చాయి. గొర్రె జాతి మారడంతోనే ఒక పోగు, ఒక మగ్గం, ఒక కులవృత్తి కలిసి వెనక్కి జరిగాయి.

నార పోగులు

కాండం బెరడు నుంచి తీసే పోగులను తెలుగులో నార అంటారు. జనుము, గోగు, జనపనార ఈ కోవలోవి. మొక్కలను కోసి, కట్టలు కట్టి, చెరువు నీటిలో కొన్నాళ్లు నానబెడితే సూక్ష్మజీవులు బెరడులోని జిగురును తినేస్తాయి. ఆ తర్వాత నార ఒలిచి, ఉతికి, ఎండబెడతారు. సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ ఉండటం వల్ల నార గరుకుగా, బలంగా ఉంటుంది. ఉత్తరాంధ్రలో గోగునార సాగు, దాని మీద ఆధారపడ్డ నెల్లిమర్ల వంటి చోట్ల జనపనార మిల్లులు చాలాకాలం నడిచాయి. వరంగల్ యార్డులో మిర్చి నింపే గోనెసంచి ఈ కుటుంబంలోదే. అదే యార్డులో ఎరువుల సంచి చూస్తే పాలీప్రొపిలీన్ నేత కనిపిస్తుంది. సహజ, కృత్రిమ పోగుల పోటీ ఎక్కడి దాకా వచ్చిందో ఆ రెండు సంచులే చెబుతాయి.

రేయాన్: కర్మాగారంలో చెట్టు

పట్టుకు బదులు చవకైన మెరిసే దారం కావాలన్న కోరికే కృత్రిమ పోగుకు పునాది. ఫ్రాన్సుకు చెందిన షార్డొనే 1884లో నైట్రోసెల్యులోజ్‌తో కృత్రిమ పట్టు తీశాడు. అది సులభంగా నిప్పంటుకునేది. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవన్, బీడిల్ విస్కోస్ పద్ధతి కనుగొన్నారు. కలపగుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిపితే తేనెలాంటి చిక్కటి ద్రవం వస్తుంది. దాన్ని సన్నని రంధ్రాల గుండా ఆమ్లపు తొట్టిలోకి వదిలితే మళ్లీ సెల్యులోజ్ పోగుగా గట్టిపడుతుంది.

తెలుగు నేలకు ఈ శాస్త్రం త్వరగానే చేరింది. నిజాం రాజ్యపు చివరి ఏళ్లలో కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లు పక్కనే కృత్రిమ పట్టు కోసం సర్‌సిల్క్ కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. వరంగల్ జిల్లా మంగపేట మండలం కమలాపురంలో, నేటి ములుగు జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ రేయాన్స్ సంస్థ రేయాన్‌కు పనికొచ్చే కలపగుజ్జు తయారు చేసింది. వెదురు, జామాయిల్ కలప ఇక్కడికి చేరి గుజ్జుగా మారి, బయటి రాష్ట్రాల్లో పోగు తీసే కర్మాగారాలకు వెళ్లేది. బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతిలో నడిచిన ఈ కర్మాగారం 2014లో ఆగిపోయింది. పత్తి కథే ఇక్కడా మరో రూపంలో జరిగింది. కలప ఇక్కడిది, గుజ్జు ఇక్కడిది. పోగు, నూలు, బట్ట వేరే చోట తయారయ్యాయి. గుజ్జుకు గిరాకీ తగ్గినప్పుడు దాన్ని వాడుకునే తర్వాతి మెట్టు దగ్గరలో లేక ఊరు మొత్తం కుంగిపోయింది.

సంశ్లేషిత పోగులు

అమెరికాలో డ్యూపాంట్ సంస్థ పరిశోధకుడు వాలెస్ కరోథర్స్ 1935లో నైలాన్‌ను సృష్టించాడు. 1938లో లోకానికి ప్రకటించిన ఈ పోగు 1940లో మేజోళ్లుగా దుకాణాలకు వచ్చింది. ప్రకృతిలోని ఏ పోగునూ ఆధారం చేసుకోకుండా పూర్తిగా రసాయనాలతో తయారై మార్కెట్టును గెలిచిన మొదటి వస్త్ర పోగు ఇదే. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ కలిపి పాలిస్టర్ పోగు తీశారు. టెరిలిన్ అన్న దాని వ్యాపార నామం తెలుగు ఇళ్లలో టెర్లిన్ చొక్కాగా స్థిరపడింది. దాన్ని పత్తితో కలిపి నేసిన బట్ట టెరికాటన్ అయింది. ఉన్నికి పోటీగా యాక్రిలిక్ వచ్చింది. 1958లో జోసెఫ్ షివర్స్ రూపొందించిన స్పాండెక్స్ తన పొడవుకు ఎన్నో రెట్లు సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. నేటి లెగ్గింగుల్లో, జీన్సుల్లో సాగుదల దానివల్లే.

పాలిస్టర్ ముక్కలను సుమారు 260 డిగ్రీల సెల్సియస్ పైన కరిగించి, స్పిన్నరెట్ అనే జల్లెడలాంటి పలక గుండా ఒత్తుతారు. బయటికొచ్చిన పోగులను చల్లటి గాలితో గట్టిపరచి, సాగదీస్తారు. సాగదీసినప్పుడు అణువుల గొలుసులు ఒకే దిశలో బారులు తీరి బలం వస్తుంది. ఈ పోగుల సన్నదనాన్ని డెనియర్‌లో కొలుస్తారు. 9,000 మీటర్ల పొడవు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నూలు నంబరు లెక్క దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది నంబరు; కాబట్టి నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది.

2023లో ప్రపంచమంతటా తయారైన సుమారు 12 కోట్ల 40 లక్షల టన్నుల పోగుల్లో పాలిస్టర్ వాటా దాదాపు 57 శాతం, పత్తి వాటా 20 శాతం. వరంగల్‌కు పొరుగునున్న సిరిసిల్లలో ఈ మార్పు కళ్లకు కడుతుంది. అక్కడ సాంచాలుగా పిలిచే మరమగ్గాల మీద ఎక్కువగా పాలిస్టర్ బట్టే నేస్తారు. 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆ సాంచాలకు పని కల్పించాయి. బట్ట నేసేది సిరిసిల్ల, నూలు మాత్రం వేరే రాష్ట్రాల నుంచి రావాలి.

గుణాల పోలిక, గుర్తింపు

చెమట పీల్చే గుణాన్ని తేమ శాతంతో కొలుస్తారు. సాధారణ వాతావరణంలో ఉన్ని తన బరువులో దాదాపు 16 శాతం, పట్టు 11, పత్తి 8, నైలాన్ 4 శాతం తేమను పట్టి ఉంచగలవు. పాలిస్టర్‌కు ఇది అర శాతం కూడా ఉండదు. వరంగల్ ఎండల్లో పాలిస్టర్ చొక్కా ఒంటికి అతుక్కోవడానికి, అదే చొక్కా దండెం మీద నిమిషాల్లో ఆరిపోవడానికి ఒకటే కారణం. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది, విస్కోస్ తడిస్తే బలం తగ్గుతుంది. పాలిస్టర్ ముడత పడదు, చీడ పట్టదు, కుళ్లదు. ఆ కుళ్లకపోవడమే తర్వాత సమస్యగా మారింది.

ఇంట్లో పోగును గుర్తించడానికి కాల్చి చూడటం పాత పద్ధతి. బట్ట అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని నిప్పుకు చూపాలి. పత్తి, రేయాన్ కాగితం కాలిన వాసనతో త్వరగా మండి, మెత్తని బూడిద మిగుల్చుతాయి. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో నెమ్మదిగా కాలి, నలిపితే పొడి అయ్యే నల్లని గుండును మిగుల్చుతాయి. పాలిస్టర్, నైలాన్ ముడుచుకుని కరిగి, చల్లారాక నలగని గట్టి పూసగా మారతాయి. పట్టుచీర పేరుతో పాలిస్టర్ అమ్మే చోట్ల కొనుగోలుదారుకు ఈ చిన్న పరీక్ష పెద్ద రక్ష.

కొత్తవాడ జంపఖానా

వరంగల్ నగరంలోని కొత్తవాడ జంపఖానాలకు పుట్టిల్లు. ముతక నూలును పడుగు పోసి, పేకను గట్టిగా కొట్టి నేసే ఈ మందపు పరుపుకు రెండువైపులా ఒకే రకంగా డిజైను కనిపిస్తుంది. చారలు, మెట్లమెట్ల కోణాలు, ఇక్కత్ పద్ధతిలో ముందే రంగు కట్టి నేసిన నమూనాలు ఇక్కడి ప్రత్యేకత. పడుగు పూర్తిగా కప్పుకుపోయేలా పేక నిండుగా పడటం వల్ల జంపఖానా తరాలపాటు మన్నుతుంది. పెళ్లిపందిట్లో పరిచినా, హరికథకు పరిచినా, బడిపిల్లల వసతిగృహంలో పరిచినా తట్టుకునేది ఇదే. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఏనుమాములకు చేరే పత్తికి, కొత్తవాడ మగ్గానికి మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. ఆ దారిలో ఉండవలసిన వడుకు మిల్లు నగరంలో లేకపోవడం పెద్ద లోటు.

ఆజంజాహి మిల్లు

ఆ మిల్లు ఒకప్పుడు ఉండేది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఆయన పెద్ద కుమారుడు ఆజం జా పేరు మీద 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మొదలైంది. పత్తి చుట్టుపక్కల ఊళ్లలో పండుతుంది, బొగ్గు సింగరేణి నుంచి రైల్లో వస్తుంది, కాజీపేట జంక్షన్ పక్కనే ఉంది. పోగు, ఇంధనం, రవాణా మూడూ కలిసిన చోటు అది. దూదిని ఏకడం, వడకడం, నేయడం, అద్దకం అన్నీ ఒకే ఆవరణలో సాగాయి. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఈ మిల్లు చుట్టూ కార్మిక వాడలు, సంఘాలు, రాజకీయ చైతన్యం పెరిగాయి. 1974లో నష్టాల్లో ఉన్న మిల్లులను జాతీయం చేసినప్పుడు ఇది జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి వచ్చింది. పాతబడ్డ యంత్రాలు, మరమగ్గాల చవక బట్ట, పాలిస్టర్ పోటీ కలిసి దెబ్బతీశాయి. 2002 నాటికి మిల్లు పూర్తిగా మూతపడింది.

ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు సోలాపూర్, భివండీ, సూరత్, అహ్మదాబాద్‌లకు వలస వెళ్లి మరమగ్గాల మీద పని చేశారు. తెలంగాణ పత్తి నూలై, బట్టయ్యే ఊళ్లకే తెలంగాణ నేతగాడు కూడా చేరుకున్నాడు. ఆ ఊళ్లలో ఈనాటికీ తెలుగు వాడలు ఉన్నాయి.

మెగా టెక్స్‌టైల్ పార్కు

ఈ వలసను వెనక్కి తిప్పాలన్న సంకల్పంతో 2017 అక్టోబరు 22న గీసుకొండ, సంగెం మండలాల్లోని శాయంపేట, చింతలపల్లి పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. పత్తి నుంచి తయారైన దుస్తుల దాకా అన్ని మెట్లూ ఒకేచోట ఉండాలన్నది దాని లక్ష్యం. 2023లో కేంద్రం ఏడు రాష్ట్రాల్లో ప్రకటించిన పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్ ఒకటి. కేరళకు చెందిన కైటెక్స్, దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ ఇక్కడికి వచ్చిన సంస్థల్లో ముఖ్యమైనవి.

పోగుల చరిత్ర దృష్ట్యా మరింత ఆసక్తికరమైనది ఈ పార్కులోని గణేశా ఎకోస్ఫియర్ సంస్థ కర్మాగారం. నీళ్లసీసా, పాలిస్టర్ చొక్కా రెండూ రసాయనికంగా ఒకే పదార్థం. సీసాలను ఏరి, మూతలు, లేబుళ్లు తీసి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి మళ్లీ స్పిన్నరెట్ గుండా పోగు తీస్తారు. కొత్త పెట్రోలియం అవసరం లేకుండా పోగు పుడుతుంది.

పర్యావరణం, ఆరోగ్యం

ఏ పోగూ పూర్తిగా నిర్దోషి కాదు. పత్తికి పురుగుమందు, ఎరువు ఎక్కువ. నీరు పెట్టి పండించే దేశాల్లో నదులే కుంగిపోయాయి. వడుకు మిల్లుల్లో దూదిధూళి పీల్చిన కార్మికులకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. రేయాన్‌కు వాడే కార్బన్ డైసల్ఫైడ్ నరాలకు విషం. పాలిస్టర్ నేలలో కలవదు. ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని ముక్కలు నీళ్లలో చేరతాయి. సముద్రాల్లోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో సుమారు 35 శాతం సంశ్లేషిత బట్టల ఉతుకు నుంచేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో అంచనా వేసింది. సీసా నుంచి తీసిన పోగుకూ ఈ లోపం తప్పదు. పత్తి, పాలిస్టర్ కలిపి నేసిన బట్టను తిరిగి విడదీయడం కష్టం కాబట్టి దాన్ని మళ్లీ పోగుగా మార్చడమూ కష్టమే.

కాబట్టి ఏ పోగు గొప్పదన్న చర్చ కన్నా ఏ పనికి ఏ పోగు తగునన్న తెలివి ముఖ్యం. ఒంటిని అంటి ఉండే బట్టకు, పసిపిల్లల బట్టకు, పరుపుకు పత్తి తగును. తాడుకు, వలకు, వానకోటుకు నైలాన్, పాలిస్టర్ తగును. అడవి అంచు ఊళ్లకు దసలి, మందలున్న ఊళ్లకు ఉన్ని మళ్లీ బతుకు చూపగలవు.

వరంగల్‌కు పోగుల కొరత ఏనాడూ రాలేదు. పత్తి ఉంది, దసలి ఉంది, కలప ఉంది, ఇప్పుడు పాత సీసాల పాలిస్టర్ కూడా ఉంది. వడికే చేయి, నేసే చేయి, అద్దే చేయి కూడా ఈ నేలవే. ఏనుమాముల నుంచి బయలుదేరిన బేలు ఈ జిల్లా దాటకముందే నూలై, కొత్తవాడ మగ్గం ఎక్కి జంపఖానాగా మారిన రోజున, రైతుకు, కార్మికుడికి, నేతగాడికి ఒకే పోగు అన్నం పెడుతుంది. 1934లో ఈ ఊరు ఆ పని చేసి చూపించింది.